మటన్ స్ట్రీట్ పాత తలుపు సామాను: కొనదలచినవారికి ఒక సమీక్ష

ముంబయి చోర్ బజారులో మటన్ స్ట్రీట్ అనే వీధి ఉంది. పాత ఇళ్ళ తలుపులకు, కిటికీలకు, మెట్లకు చెందిన ఇత్తడి, ఇనుప సామాను అమ్మే చిన్న దుకాణాలు ఆ వీధికి రెండు వైపులా ఉన్నాయి. ఈ సమీక్ష ఏ ఒక్క దుకాణం గురించీ కాదు. వీధినంతటినీ ఒకే అంగడిగా తీసుకుని, అక్కడ ఏం దొరుకుతుంది, ఏది కొనదగినది, ఏది కొనకూడనిది అన్న విషయాలను ఇక్కడ రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పిడులు, గడియలు, గొళ్ళేలు, బందులు, పాత తాళాలు కావలసినవారికి ఇది చాలా మంచి చోటు. కాని ఆ వస్తువులు అసలు ఎక్కడ ఉండేవో, ఏ పనికి చేసినవో ముందుగా తెలుసుకోకుండా వెళితే నకిలీని అసలు ధరకు కొనుక్కుని రావడం ఖాయం. అందుచేత మటన్ స్ట్రీట్‌కు వెళ్ళేముందు ఒక పూట, పూర్వం బ్రిటిష్‌వారి కోట ఉన్న ఫోర్ట్ ప్రాంతంలో తిరిగి, అటువంటి వస్తువులనే వాటి స్వస్థానాల్లో చూసి రావడం అవసరమని నా గట్టి నమ్మకం. ఈ సమీక్షలో సగం అందుకే ఫోర్ట్ వీధుల గురించి ఉంటుంది.

వీధి వివరాలు క్లుప్తంగా చెబుతాను. సెంట్రల్, హార్బర్ మార్గాల్లో వచ్చేవారికి శాండ్‌హర్స్ట్ రోడ్ స్టేషను, వెస్టర్న్ మార్గంలో వచ్చేవారికి గ్రాంట్ రోడ్ స్టేషను అనుకూలం. శుక్రవారం నాడు దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. ఆ రోజు తెల్లవారుజాము నుంచే రోడ్డు మీద పరిచి అమ్మే సంత జరుగుతుంది. దాని తీరు వేరు, సరుకు వేరు. తలుపు సామాను కోసం వెళ్ళేవారు మిగిలిన రోజుల్లో, పదకొండు దాటాక వెళ్ళడం మంచిది. హిందీ, ఉర్దూ వస్తే చాలు. హైదరాబాదు దక్కనీకి అలవాటుపడిన మనవాళ్ళకు అక్కడి బేరం మాటలు కొత్తగా అనిపించవు.

సరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దాని విలువ కట్టడం సులువవుతుంది. నగరంలో పడగొట్టిన పాత చాల్‌లు (వరుస గదుల అద్దె ఇళ్ళు), బంగళాలు, గుజరాత్ వైపు హవేలీలు, గుజరాత్‌లోని అలంగ్‌లోను, ముంబయి దారుఖానాలోను విరగ్గొట్టిన ఓడలు ఈ సామానుకు ముఖ్యమైన మూలాలు. ఓడల నుంచి గుండ్రటి ఇత్తడి కిటికీలు, తీగ పంజరం బిగించిన గోడదీపాలు వస్తాయి. ఇళ్ళ నుంచి వచ్చేవాటిలో బర్మా టేకు తలుపులకు వాడిన బరువైన బందులు, గుబ్బ మేకులు, తలుపు తట్టడానికి బిగించే కడియాలు, పింగాణీ పిడులు, పొడవాటి నిలువు గడియలు, కిటికీ రెక్కను గాలికి కొట్టుకోకుండా ఆపే కొక్కేలు, మెట్ల పక్కన బిగించే పోత ఇనుప పలకలు, పింగాణీ అడుగు మీద ఇత్తడి మూత ఉన్న పాత విద్యుత్ స్విచ్‌లు ప్రధానమైనవి. స్విచ్‌లను అలంకారానికి మాత్రమే కొనండి. వాటి లోపలి అమరిక నేటి భద్రతా నియమాలకు సరిపోదు. పక్కనే ఉన్న భేండీ బజారులో పాత భవనాలను సమూహాలుగా తొలగించి కొత్తవి కడుతున్నారు. కళ్ళముందే కూలుతున్న ఇంటి సామాను రెండు వీధుల అవతల అమ్ముడవుతుందన్న ఆలోచన నాకు బాధ కలిగిస్తుంది. అయినా కరిగించే కొలిమికి పోవడం కంటె ఇంకొక తలుపుకు చేరడం మేలని అంగీకరిస్తాను.

ఇక ఫోర్ట్ నడక. దీనిని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ దగ్గర మొదలుపెట్టండి. ఫ్రెడరిక్ విలియం స్టీవెన్స్ రూపకల్పనలో 1878లో పని మొదలై సుమారు పదేళ్ళు సాగిన ఈ కట్టడంలో, ఇనుప, ఇత్తడి కటకటాలు, టికెట్ల గదుల జాలీలు, పెద్ద మెట్ల పక్క రెయిలింగులు, చెక్క చెక్కడాలు బాంబే ఆర్ట్ స్కూలు విద్యార్థులు చేసినవి. 2004లో యునెస్కో ఈ కట్టడాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జనం గోపురాన్ని చూసి ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. మీరు టికెట్ల హాలులోకి వెళ్ళి లోహపు పనిని దగ్గరగా చూడండి. తీగ ఆకు చివర ఎలా సన్నబడిందో, రెండు ముక్కలు కలిసే చోట అతుకు ఎలా దాచారో, చేయి తగిలే చోట నగిషీ ఎలా అరిగిందో గమనించండి. తరువాత మటన్ స్ట్రీట్‌లో ఒక జాలీ ముక్క చేతికిచ్చి ఇది పాతదని అంటే, పోల్చి చూడడానికి మీ కంటిలో ఒక కొలత ఉంటుంది.

అక్కడి నుంచి కాలా ఘోడా వైపు నడిస్తే వాట్సన్ హోటల్ భవనం కనిపిస్తుంది. నేడు దానిని ఎస్ప్లనేడ్ మాన్షన్ అంటారు. స్తంభాలు, దూలాలు ఇంగ్లండులో తయారుచేసి, ఓడల్లో తెచ్చి, 1860లలో ఇక్కడ బిగించిన పోత ఇనుప కట్టడం అది. రోలాండ్ మేసన్ ఆర్డిష్ అనే ఇంజనీరు దానికి రూపకర్త. 1896 జూలై 7న లూమియేర్ సోదరుల చలనచిత్రాలను మన దేశంలో మొదటిసారి ప్రదర్శించింది అందులోనే. శిథిలావస్థకు చేరినందువల్ల 2019లో దానిని ఖాళీ చేయించారు. రోడ్డు మీద నిలబడే చూడాలి. అయినా పోత ఇనుము అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి ఇంతకంటె మంచి పాఠం మరొకటి లేదు. పోత ఇనుము అచ్చులో పోసి చేసేది. అందుచేత ఒకే నమూనా అచ్చుగుద్దినట్లు వరుసగా వస్తుంది, ముక్కలు మందంగా ఉంటాయి, అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత మిగులుతుంది, దెబ్బ తగిలితే వంగదు, విరుగుతుంది. చేత ఇనుము కమ్మరి కొలిమిలో కాల్చి సుత్తితో సాగదీసి చేసేది. దాని చుట్టలు చివరికి వచ్చేసరికి పలచబడతాయి, ఏ రెండు చుట్టలూ సరిగ్గా ఒకేలా ఉండవు, ముక్కలను రివెట్లతోనో పట్టీలతోనో కలుపుతారు. కలిసే చోట వెల్డింగు ముద్ద కనబడి, చువ్వ మొదలు నుంచి చివర దాకా ఒకే మందంలో ఉంటే, అది ఇటీవలి ఉక్కు పని. ఈ మూడింటి తేడా గుర్తుపట్టగలిగితే మటన్ స్ట్రీట్‌లో ఇనుప సామాను విషయంలో సగం మోసాలు మిమ్మల్ని తాకవు.

ఫోర్ట్ గోడలను 1860లలో కూల్చివేశారు. అప్పటి తొందరలో లేచిన నగరానికి రాళ్ళు మోసి, సున్నం కలిపి, గోడలు లేపిన కూలీలలో నిజాం రాజ్యం నుంచి వలస వచ్చిన తెలుగువారు చాలామంది. వారిని ముంబయిలో కామాఠీలు అన్నారు. వారు స్థిరపడిన పేట కామాఠీపురా. మటన్ స్ట్రీట్‌కు అది దగ్గరలోనే ఉంది. తెలుగువారు ఈ నగరపు పాత కట్టడాలను చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలని నా కోరిక. ఇంజనీరు పేరు శిలాఫలకం మీద ఉంటుంది, పోత పోసిన ఫౌండ్రీ పేరు స్తంభం అడుగున ఉంటుంది, వాటిని ఎత్తి నిలబెట్టినవాళ్ళ పేరు మాత్రం ఒక పేటకు మిగిలింది.

వీధి సామాను విషయానికి వస్తే, ముంబయిలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆకట్టుకునేవి మైలురాళ్ళు. 1718లో ప్రార్థనలకు తెరిచిన సెయింట్ థామస్ చర్చిని సున్నాగా తీసుకుని, పంతొమ్మిదో శతాబ్దపు తొలి భాగంలో, నగరానికి ఉత్తరంగా పోయే దారుల పక్కన నల్లరాతి మైలురాళ్ళను నాటారు. వాటి మీద చర్చి నుంచి ఎన్ని మైళ్ళో రోమన్ అంకెల్లో చెక్కి ఉంటుంది. రోడ్లు ఎత్తు పెరిగేకొద్దీ, కాలిబాటలు పరిచేకొద్దీ అవి మట్టిలో కూరుకుపోయాయి. కొన్నిటి నెత్తి మాత్రమే పైకి కనిపించేది. ఇటీవలి సంవత్సరాలలో నగరపాలక సంస్థ వారసత్వ విభాగం వాటిని తవ్వి తీసి, శుభ్రం చేసి, ఉన్న చోటనే నిలబెట్టింది. ‘ఉన్న చోటనే’ అన్నది ముఖ్యం. మైలురాయిని మ్యూజియానికి తరలిస్తే దాని మీద చెక్కిన అంకె అబద్ధమవుతుంది. వీధి సామాను అంతటికీ ఇదే వర్తిస్తుంది. అందుకే అటువంటి వస్తువులు కొనవద్దని గట్టిగా చెబుతాను. ఎందుకో తరువాత వివరిస్తాను.

తాగునీటి ఫౌంటెన్లను ముంబయిలో పియావులు అంటారు. దాతలు తమవారి జ్ఞాపకంగా కట్టించిన ఈ చలివేంద్రాలు మన ఊళ్ళ చలివేంద్రాలకు రాతిలో చేసిన బంధువులు. కావస్జీ జహంగీర్ ఒక్కరే నగరానికి 40 తాగునీటి ఫౌంటెన్లు ఇచ్చారు. మస్జిద్ బందర్ దగ్గర భాత్ బజారులో 1876 నాటి కేశవ్‌జీ నాయక్ ఫౌంటెన్, ఫోర్ట్‌లో 1882 నాటి బొమన్‌జీ హోర్మస్‌జీ వాడియా గడియారపు కట్టడం, 1894లో స్టీవెన్స్ రూపకల్పన చేసిన రతన్‌సీ మూల్జీ జేఠా ఫౌంటెన్ తప్పక చూడవలసినవి. చివరిదాని మీద ఉన్న బాలుడి విగ్రహం, పదిహేనేళ్ళకే చనిపోయిన దాత కుమారుడిది. చాలా పియావులలో మనుషులకు పైన, పశువులకు కింద తొట్టి ఉంటుంది. కుళాయి ఎంత ఎత్తులో ఉందో, రాయి ఎక్కడ అరిగిందో, గొలుసు బిగించిన కన్నం ఎక్కడ మిగిలిందో చూస్తే అది ఎవరి కోసం ఎలా పనిచేసిందో తెలుస్తుంది. మటన్ స్ట్రీట్‌లో విడిగా పడి ఉన్న ఒక ఇత్తడి కుళాయి ఈ కథలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

1867 నాటి పోత ఇనుప ఫిట్జ్‌జెరాల్డ్ ఫౌంటెన్ చరిత్ర ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. ధోబీ తలావ్ కూడలిలో నిలిచిన ఆ దీపస్తంభపు ఫౌంటెన్‌ను 1960లలో వాహనాల రద్దీ పేరుతో విడదీశారు. దాని భాగాలు దశాబ్దాల పాటు బైకుల్లాలోని భావు దాజీ లాడ్ మ్యూజియం ఆవరణలో ఉండిపోయాయి. ఇటీవలే దానిని బాగుచేసి పాత కూడలికి సమీపంలో, మెట్రో సినిమా దగ్గర తిరిగి నిలబెట్టారు. ముక్కలు ఒకేచోట భద్రంగా ఉన్నందువల్లనే అది సాధ్యమైంది. వాటిలో ఒక్కొక్కటీ ఒక్కొక్క ఇంటి పెరట్లో అలంకారంగా చేరి ఉంటే ఎవరూ తిరిగి కలపగలిగేవారు కారు.

దీపస్తంభాలను చూసేటప్పుడు తల ఎత్తి, దీపపు గూడుకు కాస్త కింద అడ్డంగా ఒక చిన్న చువ్వ ఉన్నదా అని చూడండి. బొంబాయి వీధుల్లో గ్యాసు దీపాలు 1865లో వచ్చాయి. రోజూ సాయంత్రం దీపం వెలిగించేవాడు నిచ్చెన ఆనించుకోవడానికి గ్యాసు స్తంభాలకు ఆ చువ్వ పెట్టేవారు. పాత నమూనాను అనుకరించిన కొత్త స్తంభాలు కూడా నగరంలో ఉన్నాయి. వాటిలో కొన్నిటికి చువ్వ ఉంటుంది, కాని అది నిచ్చెన బరువు మోసే గట్టిదనంతో ఉండదు. ట్రాముల జాడలు అరుదు. గుర్రపు ట్రాములు 1874 మేలో మొదలయ్యాయి, విద్యుత్ ట్రాములు 1907లో వచ్చాయి, 1964 మార్చి 31న ఆఖరి ట్రాము నడిచింది. ఫ్లోరా ఫౌంటెన్‌ను బాగుచేస్తున్న సమయంలో రోడ్డు కింద నల్లరాతి పలకల మధ్య పాత పట్టాలు బయటపడ్డాయి. 1864 నాటి ఆ ఫౌంటెన్ 2019లో మళ్ళీ నీళ్ళతో జనానికి కనబడింది. ఇక చర్చ్‌గేట్ వైపు, మెరైన్ డ్రైవ్ వైపు ఉన్న ఆర్ట్ డెకో భవనాల గేట్లు, కిటికీ జాలీలు, మెట్ల పక్క పిడులు 1930లవి. సూర్యకిరణాలు, అలలు, మెట్లు మెట్లుగా తగ్గే గీతలు వాటి గుర్తులు. ఆ కాలపు తలుపు పిడులు మటన్ స్ట్రీట్‌లో దొరుకుతాయి, విక్టోరియా కాలంవాటి కంటె తక్కువ ధరకే ఇస్తారు; నా దృష్టిలో వీధిలో అన్నిటికంటె మంచి కొనుగోలు అవే.

ఇప్పుడు దుకాణానికి వద్దాం. ఇత్తడి పిడి చేతికి తీసుకోగానే మొదట దాని ముఖం చూడకండి, వెనుక చూడండి. పాత పిడులు ఇసుక అచ్చులో పోసినవి. వెనుక భాగం కొంత గరుకుగా ఉంటుంది, దాని మీద ఆకురాయి గీతలు వేర్వేరు దిక్కుల్లో కనిపిస్తాయి. తలుపు చెక్కకు ఆనిన చోట నల్లటి మరక, పాత రంగు పొరలు, మర కన్నాల చుట్టూ కిలుము ఉంటాయి. కొత్తగా పోసి రసాయనంతో నల్లబరచిన పిడికి ముందూ వెనుకా ఒకే రంగు ఉంటుంది. నిజమైన అరుగుదల అంతటా సమంగా ఉండదు. చేతివేళ్ళు లోపలి వైపు పట్టుకుంటాయి, బొటనవేలు పైన ఆనుతుంది; ఆ రెండు చోట్లా నగిషీ మెత్తబడి, వేళ్ళు చేరని మూలల్లో పదునుగా ఉండాలి. ఎవరి చేయీ తగలని అంచులు అరిగి, పట్టుకునే భాగం పదునుగా ఉంటే ఆ అరుగుదల యంత్రం మీద వచ్చింది.

నకలును పట్టించే ఇంకొక గుర్తు పరిమాణం. అసలు పిడినే నమూనాగా పెట్టి కొత్త అచ్చు తీస్తే, కరిగిన ఇత్తడి గట్టిపడేటప్పుడు సుమారు 1.5 శాతం కుదించుకుపోతుంది. 200 మిల్లీమీటర్ల పిడికి నకలు 3 మిల్లీమీటర్లు పొట్టిగా వస్తుంది, నగిషీ గీతలు కొంచెం మొద్దుబారతాయి. నాలుగు పిడుల జత అని చూపించినప్పుడు టేపు పెట్టి నాలుగింటినీ కొలవండి. రెండు పొడవుగా, రెండు పొట్టిగా ఉంటే అసలువి రెండే. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. అది అంటుకుంటే ఇనుము మీద ఇత్తడి పూత. అంటుకోకపోతే ఇత్తడి అని తేలిపోదు, ఎందుకంటే జింకు మిశ్రమానికి కూడా అయస్కాంతం అంటదు. అక్కడ బరువు చెబుతుంది: ఇత్తడి నీటి కంటె దాదాపు ఎనిమిదిన్నర రెట్లు బరువు, పిడులకు వాడే జింకు మిశ్రమం ఏడు రెట్లకు లోపే. దుకాణదారు అనుమతితో వెనుక ఒక చిన్న గీత గీస్తే, జింకు మిశ్రమమైతే పసుపు బదులు తెలుపు బయటపడుతుంది.

మరలు కూడా సాక్ష్యమిస్తాయి. ప్లస్ గుర్తు తల ఉన్న మరలు 1930ల మధ్య నుంచి వచ్చినవి. పాత పిడికి అవి బిగించి ఉంటే కనీసం ఒకసారి ఊడదీసి బిగించారని అర్థం, అంతమాత్రాన పిడి నకిలీ కాదు. ఒకే గాడి ఉన్న మరల్లో కొన మొండిగా ఉన్నవి సాధారణంగా 1840లకు ముందువి, సూది కొన ఉన్నవి ఆ తరువాతివి. మర తల కన్నంలో సరిగ్గా కూర్చుని, దాని చుట్టూ ఉన్న మురికి, మర మీది మురికి ఒకటిగా ఉంటే ఆ రెండూ కలిసి బతికాయని చెప్పవచ్చు.

తాళాల విషయంలో ఈ వీధి మంచి సరుకు ఇస్తుంది. అర్దేషిర్ గోద్రెజ్ 1897లో బొంబాయిలోనే తాళాల తయారీ మొదలుపెట్టారు. పాత గోద్రెజ్ తాళాలు ఇప్పటికీ పనిచేసే స్థితిలో కనిపిస్తాయి. ఇంగ్లండు నుంచి వచ్చిన, తలుపు లోపలి ముఖానికి పెట్టెలా బిగించే తాళాలు కూడా ఉంటాయి. కంపెనీ పేరు చెక్కి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు, పేరు చెక్కడం అన్నిటికంటె తేలిక. తాళంచెవి దానిదే అయితేనే కొనండి. చెవి లేని తాళానికి కొత్త చెవి చేయించడం సాధ్యమే కాని, అందుకయ్యే ఖర్చు ఒక్కోసారి తాళం ధరను మించుతుంది. దుకాణంలోనే చెవిని రెండు వైపులా తిప్పి, లోపల స్ప్రింగు తిరిగి తన్నుతున్నదో లేదో వినండి. ముఖ్యంగా మీ తలుపు మందం కొలుచుకుని వెళ్ళండి. పాత టేకు తలుపుల మందానికి చేసిన పిడి ఇరుసు నేటి 30, 35 మిల్లీమీటర్ల ఫ్లాటు తలుపుకు పొడవైపోతుంది. బందులు జతలుగానే తీసుకోండి. కుడి తలుపు బందు ఎడమ తలుపుకు పనికిరాని రకాలు ఉన్నాయి, కుప్పలోంచి ఏరి ఇచ్చేవారు ఆ తేడా చూడరు.

ధర విషయంలో ఒక పద్ధతి ఉపయోగపడుతుంది. ఆ రోజు ఇత్తడి తుక్కు కిలో ఎంతో వీధి చివర తుక్కు దుకాణంలో అడగండి. పిడిని తూచమనండి. ఆ లెక్కకు వచ్చినది కనీస ధర. దాని మీద చెప్పినదంతా పాతదనానికి, పనితనానికి చెల్లించే ధర. ఆ పై మొత్తానికి తగిన కారణం వస్తువు మీద కనబడుతున్నదా అని మీరు నిర్ణయించుకోవచ్చు. మొదట చెప్పిన ధరలో సగానికి దిగుతారని చాలామంది అంటారు. నిజంగా మంచి వస్తువుకు, దాని విలువ తెలిసిన దుకాణదారు అంత దిగడు, దిగకపోవడమే మంచి గుర్తు. ‘నూట యాభై ఏళ్ళది’ అన్న మాటను అసలు లెక్కలోకి తీసుకోవద్దు. ఏ ఇంటి నుంచి, ఏ పేట నుంచి వచ్చిందని అడగండి. తెలిసినవాడు పేట పేరు చెబుతాడు, తలుపు ఎలా ఉండేదో చెబుతాడు. ఒక పెద్దాయన నాకు ఒక కిటికీ కొక్కెం ఏ వైపు గోడకు బిగిస్తారో తన దుకాణం కిటికీ మీదే చూపించి, నా ఇంటి కిటికీకి అది సరిపోదని తనే చెప్పి అమ్మలేదు. అటువంటి మనుషులు ఉన్నందుకే ఈ వీధి మీద నాకు గౌరవం.

లోపాలు కూడా చెప్పాలి. బిల్లు అడిగితే చాలా దుకాణాల్లో ముఖం మారుతుంది. తుది ధర చెప్పేముందే బిల్లు కావాలని స్పష్టం చేయండి. పర్యాటకులకు నచ్చుతుందని మంచి పాత ఇత్తడిని సానపట్టి అద్దంలా మెరిపించడం ఇంకొక పెద్ద తప్పు. వందేళ్ళ చేతి స్పర్శ పది నిమిషాల్లో పోతుంది, దానితో పాటు నగిషీ పదును కూడా పోతుంది. పాలిష్ చేయనిదే ఇవ్వమని అడిగితే లోపలి గదిలోంచి తెచ్చి చూపిస్తారు. ఎనామెల్ బోర్డులు, ఇంటి నంబరు పలకలు, ఓడ దీపాలు మాత్రం ఎక్కువ భాగం కొత్త తయారీలే. వాటి మీద తుప్పు కూడా పెట్టించిందే. కొత్తదని చెప్పి అమ్మితే నాకు అభ్యంతరం లేదు. అలీగఢ్, మొరాదాబాద్ కార్ఖానాలు పాత నమూనాల్లో చక్కటి ఇత్తడి సామాను చేస్తున్నాయి. ఇల్లంతటికీ ఒకే రకం పిడులు ఇరవై కావాలంటే నిజాయితీగా కొత్తవే కొనుక్కోవడం సరైన పని.

వీధి సామాను కొనవద్దని ఎందుకన్నానో ఇప్పుడు చెబుతాను. మ్యాన్‌హోల్ మూత, దీపస్తంభపు కొమ్మ, పియావు కుళాయి, శిలాఫలకం, పార్కు కటకటం వంటివి ఎవరి సొంత ఆస్తీ కావు. అవి బజారుకు వచ్చాయంటే వేలంలో తుక్కుగా వచ్చి ఉండాలి, లేదా ఎవరో ఊడబెరికి ఉండాలి. మొదటి దానికి కాగితం ఉంటుంది. కాగితం లేనిదాన్ని రెండవదిగానే భావించాలి. నగరంలోని వారసత్వ కట్టడాలకు 1995 నుంచి ప్రత్యేక నియమాలు ఉన్నాయి, కాని నియమం కటకటం పక్కన రాత్రంతా కాపలా కాయలేదు. కొనేవాడు ఉన్నంత కాలం ఊడబెరికేవాడు ఉంటాడు. ఫోటో తీసుకోండి, కొలత రాసుకోండి, అడుగున ఉన్న ఫౌండ్రీ పేరు చదవండి, ఏ వీధిలో ఏ వైపు ఉన్నదో గుర్తుపెట్టుకోండి. నాలుగేళ్ళ తరువాత అది కనబడకపోతే నగరపాలక సంస్థకు రాయడానికి ఆ ఫోటోయే ఆధారం.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు ఒక చట్టం తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం కనీసం వందేళ్ళ వయసున్న పనితనపు వస్తువులే కాక, అంత వయసుండి కట్టడం నుంచి ఊడదీసిన వస్తువులు కూడా పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి తీసుకుపోకూడదు. అంటే దుకాణదారు గర్వంగా చెప్పిన ‘నూట యాభై ఏళ్ళు’ నిజమైతే ఆ కడియం డల్లాస్ ఇంటి తలుపుకు వెళ్ళకూడదు. వయసు సందేహంగా ఉంటే అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. 1930ల ఆర్ట్ డెకో పిడులకు ఇంకా వందేళ్ళు నిండలేదు, కాని వాటికీ బిల్లు ఉండడం మంచిది.

మన దగ్గర, గోదావరి జిల్లాల్లో, మండువా లోగిళ్ళు పడగొట్టినప్పుడు ద్వారబంధాలు ఒకరికి, తలుపు రెక్కలు ఒకరికి, ఇత్తడి సామాను ఇంకొకరికి అమ్మేస్తుంటారు. అమ్మక తప్పని కుటుంబాలకు నా విన్నపం ఒకటే: తలుపును దాని బందులు, గడియ, గొళ్ళెం, గుబ్బలతో సహా ఒకే వస్తువుగా అమ్మండి. మటన్ స్ట్రీట్‌లో కూడా సామానుతో కలిసి ఉన్న తలుపుకే నిలకడైన ధర పలుకుతుంది. విడదీసేముందు తలుపు మూసి ఒకటి, తెరిచి ఒకటి, గడియ దగ్గరగా ఒకటి చొప్పున ఫోటోలు తీసి, ఊరు, ఇంటిపేరు, కట్టిన సంవత్సరం తెలిస్తే అది కాగితం మీద రాసి కొన్నవారికి ఇవ్వండి.

కొని తెచ్చుకున్న తరువాత ఇత్తడిని చింతపండు, బూడిదతో తోమే మన అలవాటును వంటపాత్రలకే ఉంచండి. పిడులకు గోరువెచ్చటి సబ్బునీళ్ళు, మెత్తటి గుడ్డ, తడి ఆరాక పలచగా మైనం చాలు. ఇనుప బందుల తుప్పును కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, తీగ బ్రష్షుతో రుద్ది, వేడి చేసిన అవిసె నూనె పలచగా పట్టించాలి. కిరోసిన్ పూర్తిగా ఆరిన తరువాతే నూనె వేడి తగలనివ్వండి. సముద్రతీరపు ఊళ్ళలో, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల, ఈ నూనె పూత ప్రతి వానకాలానికి ముందు మళ్ళీ వేయాలి.